షుగర్ లేకపోయినా బరువు తగ్గే ఇంజెక్షన్: పద్ధతిగా తీసుకోవడం ఎలా

మెడికల్ షాపులో కూర్చునేవాణ్ని కాబట్టి ఈ మాట తరచూ వింటూ ఉంటాను. "సన్నబడే ఇంజెక్షన్ వచ్చిందట కదండీ, మా తోడల్లుడు వేసుకుంటున్నాడు, ఒకటి ఇచ్చేయండి, చీటీ తర్వాత తెస్తాను." అలా అడిగేవాళ్లలో చాలామందికి షుగర్ ఉండదు. షుగర్ లేదు కాబట్టి డాక్టర్ రాయడని వాళ్లే అనేసుకుని, ఇక తెలిసినవాళ్ల చేత షుగర్ ఉన్నట్టు రాయించుకోవాలా, లేక చీటీ లేకుండా ఎక్కడైనా పట్టుకోవాలా అని ఆలోచిస్తుంటారు. ఆ రెండూ అక్కర్లేదండీ. ఊబకాయం అన్న ఒక్క కారణం మీదే ఈ మందులకు మన దేశంలో అనుమతి ఉంది. మౌంజారో, అంటే టిర్జెపటైడ్, 2025 మార్చిలో వచ్చింది, అది షుగర్‌కీ బరువుకీ రెండింటికీ. వెగోవీ, అంటే సెమాగ్లూటైడ్, అదే ఏడాది జూన్‌లో ప్రధానంగా బరువు కోసమే వచ్చింది. సెమాగ్లూటైడ్ మీద 2021లో బయటికొచ్చిన పెద్ద పరీక్షలో పాల్గొన్న 1,961 మందిలో ఎవరికీ షుగర్ లేదు. 68 వారాల్లో వాళ్లలో మందు వేసుకున్నవాళ్లు సగటున దాదాపు 15 శాతం బరువు తగ్గారు, మందు లేని ఉత్తుత్తి ఇంజెక్షన్ వేసుకున్నవాళ్లు రెండున్నర శాతం లోపే తగ్గారు.

కాబట్టి దారి ఉంది. ఆ దారిలో ఎలా వెళ్లాలో చెప్తాను. ఇది మీ డాక్టర్ మాటకు బదులు కాదు, ఆయన దగ్గరికి ఏం తెలుసుకుని వెళ్లాలి, వచ్చాక ఏం చూసుకోవాలి అన్నంత వరకే.

ముందు మీ లెక్క మీరు చూసుకోండి

ఎత్తు మీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి, మీ బరువుని ఆ అంకెతో భాగిస్తే వచ్చేది బీఎంఐ. మందు పెట్టెలో ఉండే కాగితం ప్రకారం ఇది 30 దాటిన పెద్దవాళ్లకి, లేదా 27 దాటి బరువు వల్ల వచ్చే జబ్బు కనీసం ఒకటి ఉన్నవాళ్లకి. బీపీ, కొలెస్ట్రాల్, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా, షుగర్ అంచున ఉండటం, గుండె జబ్బు, ఇలాంటివన్నీ అందులోకి వస్తాయి. లెక్క వేసి చూపిస్తాను. 160 సెంటీమీటర్ల మనిషికి 70 కిలోలుంటే 27 దాటినట్టు, 77 ఉంటే 30 దాటినట్టు. 170 సెంటీమీటర్ల మనిషికైతే 78 దాకా వస్తే 27, 87కి 30.

మన వాళ్లకి పొట్ట దగ్గరే కొవ్వు చేరుతుంది, తక్కువ బరువుకే జబ్బులు మొదలవుతాయి, అందుకే భారతీయులకి 23 నుంచే అధిక బరువు, 25 నుంచే ఊబకాయం అని డాక్టర్లు లెక్కేస్తారు, నడుం చుట్టుకొలత మగవాళ్లకి 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటకూడదంటారు. అయితే 25 దాటగానే ఈ ఇంజెక్షన్ రాసేస్తారని కాదు, మందు అనుమతిలో ఉన్న అంకెలు 27, 30లే. పెళ్లికి పట్టుచీర జాకెట్టు పట్టడం లేదు, నాలుగు కిలోలు తగ్గితే చాలు అనేవాళ్లకి ఇది కానే కాదు. వాళ్లు అడిగినప్పుడు నేను మొహమాటం లేకుండానే చెప్తాను, కొందరికి కోపమొస్తుంది, రానీ.

ఎవరి దగ్గరికి వెళ్లాలి

ఇవి షెడ్యూల్ హెచ్ మందులు, చీటీ లేకుండా అమ్మకూడదు. పైగా వీటిని దేశంలోకి అనుమతించినప్పుడే ఎండోక్రైనాలజిస్టులు (హార్మోన్ల డాక్టర్లు), జనరల్ మెడిసిన్ ఎండీలు, కొన్ని సందర్భాల్లో కార్డియాలజిస్టులు రాయాలన్న షరతు ఉంది. మన గోదావరి డెల్టాలో ఎండీలకు కొదవ లేదు, భీమవరం, తణుకు, పాలకొల్లు, అమలాపురం, ఎక్కడ చూసినా దొరుకుతారు. హార్మోన్ల స్పెషలిస్టు కావాలంటే రాజమండ్రి, కాకినాడ, ఏలూరు వెళ్లాల్సి రావచ్చు. ఊళ్లో జ్వరానికి సెలైన్ పెట్టే ఆరెంపీ గారు ఎంత మంచివారైనా ఆయన రాసిన కాగితం దీనికి చెల్లదు, జిమ్ కోచ్ రాసిందీ, బ్యూటీ పార్లర్ వాళ్లు ఇచ్చిన ప్యాకేజీ కార్డూ చెల్లవు. డాక్టర్ మీద అనుమానముంటే రిజిస్ట్రేషన్ నంబరు చూడండి, జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి వెతకొచ్చు.

ఆన్‌లైన్‌లో వీడియో కాల్‌లో చూపించుకోవచ్చా అంటే, 2020లో వచ్చిన టెలిమెడిసిన్ నిబంధనల ప్రకారం రిజిస్టరైన డాక్టర్ వీడియోలో చూసి మందు రాయడం చట్టబద్ధమే. కానీ మొదటిసారి మాత్రం ఎదురుగా వెళ్లమనే నా సలహా. పొట్ట మీద చెయ్యి వేసి, మెడ నొక్కి, బీపీ చూసి చెప్పే సంగతులు ఫోన్‌లో తెలియవు. ఫారం నింపి డబ్బు కడితే చాలు, పది నిమిషాల్లో చీటీ వచ్చేస్తుందనే యాప్‌లకి దూరంగా ఉండండి.

డాక్టర్‌కి దాచకుండా చెప్పాల్సినవి

ఇక్కడ కాస్త ఆగి చదవండి. ఈ మందు ఎవరికి పనికిరాదో మీకు తెలిసుంటే చాలా ప్రమాదాలు తప్పుతాయి.

మీకు గానీ, రక్త సంబంధీకుల్లో గానీ థైరాయిడ్‌లో మెడుల్లరీ కేన్సర్ వచ్చి ఉంటే ఇది వాడకూడదు. మామూలు థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నారంటే అది వేరు, దానికి అడ్డు లేదు, కానీ డాక్టర్‌కి తెలియాలి. మెన్-2 అనే వంశపారంపర్య జబ్బు ఉన్నా వద్దు. క్లోమం వాపు ఎప్పుడైనా వచ్చిందా, గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయా, తిన్నది అరగక కడుపులోనే ఉండిపోయే ఇబ్బంది ఉందా, ఇవన్నీ చెప్పాలి. మద్యం అలవాటు ఉంటే అదీ చెప్పండి, రోజుకెంతో నిజం చెప్పండి, ఎందుకంటే క్లోమానికి అది పెద్ద శత్రువు. గర్భిణులు వాడకూడదు, పిల్లలకు పాలిస్తున్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోకూడదు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లయితే సెమాగ్లూటైడ్‌ని కనీసం రెండు నెలల ముందే ఆపేయాలి. గర్భం రాకుండా మాత్రలు వాడేవాళ్లు టిర్జెపటైడ్ మొదలుపెడితే ఆ మాత్ర సరిగ్గా పనిచెయ్యకపోవచ్చు, మొదలుపెట్టిన నాలుగు వారాలూ, మోతాదు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలూ వేరే జాగ్రత్త కూడా తీసుకోవాలి. ఈ సంగతి మన ఆడవాళ్లు సిగ్గుపడి అడగరు, చాలాసార్లు డాక్టర్ కూడా హడావుడిలో చెప్పరు, అందుకే రాస్తున్నాను.

బరువు ఎందుకు పెరిగిందన్నది కూడా తేలాలి. థైరాయిడ్ తక్కువగా ఉండటం, పీసీఓడీ, కొన్ని మానసిక వైద్య మందులు, మోకాళ్ల నొప్పికి ఏళ్ల తరబడి వాడే స్టెరాయిడ్ మాత్రలు, వీటిలో ఏదైనా బరువు పెంచొచ్చు. నొప్పులకి పొట్లాల్లో కట్టి ఇచ్చే పేరులేని పొడులు వాడుతుంటే ఆ పొట్లం పట్టుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.

పరీక్షల్లో మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్, కొలెస్ట్రాల్, లివర్, కిడ్నీల పనితీరు చూసే క్రియాటినిన్, అవసరమైతే పొట్ట స్కానింగ్ రాయిస్తారు. హెచ్‌బీఏ1సీ 5.7కీ 6.4కీ మధ్య వస్తే మీరు షుగర్ అంచున ఉన్నట్టు, 6.5 దాటితే షుగర్ ఉన్నట్టే. షుగర్ లేదనుకుని పరీక్షకెళ్లి ఉందని తెలుసుకున్నవాళ్లు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు.

"షుగర్ ఉన్నట్టు రాయండి" అని అడగొద్దు

ఓజెంపిక్ 2025 డిసెంబరులో మన దేశానికి వచ్చింది, అది టైప్-2 షుగర్‌కి. రైబెల్సస్ మాత్ర అంతకు ముందు నుంచే ఉంది, అదీ షుగర్‌కే. వెగోవీలోనూ ఓజెంపిక్‌లోనూ ఉన్నది సెమాగ్లూటైడే అయినా మోతాదు వేరు, ఏ జబ్బుకని అనుమతించారన్నది వేరు. కాస్త చవకగా వస్తుందని షుగర్ ఉన్నట్టు రాయించుకుంటే ఆ కాగితం అక్కడితో పోదండీ. రేపు టర్మ్ పాలసీకో, హెల్త్ ఇన్సూరెన్స్‌కో వెళ్లినప్పుడు మీ పాత రికార్డులో మీరు షుగర్ పేషెంట్. ప్రీమియం పెరుగుతుంది, లేదంటే క్లెయిమ్ దగ్గర గొడవ. పైగా రాసిన డాక్టర్‌కీ తలనొప్పి. బీఎంఐ అర్హత ఉన్నప్పుడు చీటీ మీద ఊబకాయం అని రాయించుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

చీటీలో ఏముండాలి, షాపులో ఏం చూడాలి

డాక్టర్ పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, సంతకం, తేదీ, మీ పేరు, చిరునామా, మందు పేరు, మోతాదు, ఎన్ని. ఇవన్నీ ఉండాలి. ఒక చీటీ మీద ఒకసారే ఇవ్వాలన్నది నిబంధన, మళ్లీ మళ్లీ ఇవ్వొచ్చంటే డాక్టరే అలా రాయాలి. ఒక కంపెనీది రాస్తే మేము ఇంకో కంపెనీది చేతిలో పెట్టకూడదు కూడా. 2026 మార్చిలో సెమాగ్లూటైడ్ పేటెంట్ గడువు ముగిశాక మన కంపెనీలవి కూడా వచ్చాయి, ధరల్లో తేడా ఉంది, కాబట్టి ఏది కొనగలరో డాక్టర్ గదిలోనే మాట్లాడుకుని ఆ పేరే రాయించుకోండి. షాపుకొచ్చి "దీనికి బదులు చవకది ఇవ్వండి" అంటే మా చేతులు కట్టేసినట్టే.

మందు నింపే వచ్చే ఇంజెక్షన్ పెన్ను కాకుండా చిన్న సీసాలో, అంటే వయల్‌లో తీసుకుంటుంటే మరింత జాగ్రత్త. కంపెనీని బట్టి గాఢత మారొచ్చు, ఇన్సులిన్ సిరంజి మీద గీతలు యూనిట్లలో ఉంటాయి, డాక్టర్ రాసేది మిల్లీగ్రాముల్లో. ఎన్ని మిల్లీగ్రాములంటే సిరంజి మీద ఏ గీత దాకా అన్నది చీటీ మీదే రాయించుకోండి, మొదటిది నర్సు చేత వేయించుకుని చూడండి. ఒకరు కొన్న సీసా ఇద్దరు పంచుకోవడం, ఒకే పెన్ను సూది మార్చి భార్యాభర్తలిద్దరూ వాడటం, ఇవి ససేమిరా వద్దు. సూది మార్చినా పెన్నులోకి రక్తం వెనక్కి వెళ్లే అవకాశం ఉంటుంది.

షాపులో డ్రగ్ లైసెన్సు గోడకి కనపడుతూ ఉండాలి. మందు ఫ్రిజ్‌లోంచి తీసి ఇవ్వాలి, అద్దాల బీరువాలోంచి కాదు. బ్యాచ్ నంబరుతో బిల్లు అడగండి, పెట్టె మీది నంబరూ, లోపలి పెన్ను మీది నంబరూ, బిల్లులోదీ ఒకటేనా చూడండి. నకిలీ ఓజెంపిక్ గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జూన్‌లో హెచ్చరిక ఇచ్చింది, గిరాకీ ఎక్కడుంటే నకిలీ అక్కడికొస్తుంది. వాట్సాప్‌లో సగం ధరకి, కొరియర్‌లో, బిల్లు లేకుండా వచ్చేదాన్ని నమ్మొద్దు.

అమెరికా నుంచి అల్లుడు తెచ్చే సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ప్రతి వీధిలో ఒక అమెరికా ఇల్లు ఉన్న ప్రాంతం మనది. ప్రయాణికుడు తన సొంత వాడకం కోసం కొద్దిగా మందు సామానులో తెచ్చుకోవచ్చు. అత్తగారి కోసం తేవడం ఆ వెసులుబాటు కిందికి రాదు. అదీకాక ఇరవై నాలుగు గంటలకు పైగా సూట్‌కేసులో, హైదరాబాద్ నుంచి బస్సు డిక్కీలో వచ్చిన పెన్ను ఏ వేడికి గురైందో ఎవరికి తెలుసు?

డబ్బు లెక్క, ఏడాదికి

ఒక నెలది చూసి మొదలుపెట్టకండి. మౌంజారో వచ్చినప్పుడు 2.5 మి.గ్రా. వయల్ 3,500 రూపాయలు, 5 మి.గ్రా. 4,375. వారానికొకటి కాబట్టి నెలకి 14,000, 17,500. వెగోవీ మొదటి మోతాదు 2025 నవంబరులో తగ్గించాక నెలకి 10,850 రూపాయల దాకా వచ్చింది, మోతాదు పెరిగేకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. పేటెంట్ పోయాక వచ్చినవి వీటికంటే చవక. ఈ రోజు ధర ఎంతో మీ షాపులో అడిగి, పెద్ద మోతాదు ధరనే పట్టుకుని, పన్నెండుతో గుణించి చూడండి. ఇన్సూరెన్సులు సాధారణంగా ఇలా ఇంటి దగ్గర వాడే మందుకి ఇవ్వవు, అయినా మీ పాలసీ కాగితం ఒకసారి చదవండి. ఏడాది భరించలేమనిపిస్తే, మూడు నెలలు వేసి ఆపడం కంటే ఆ డబ్బుతో మంచి డైటీషియన్‌ని పట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇంట్లో వాడకం

మోతాదు మెల్లగా పెంచుతారు. వెగోవీ 0.25 మి.గ్రా.తో నాలుగు వారాలు, తర్వాత 0.5, 1, 1.7, చివరికి 2.4. టిర్జెపటైడ్ 2.5తో నాలుగు వారాలు, తర్వాత 5, అవసరాన్ని బట్టి ఇంకా పైకి. మొదటి నెలలో బరువు తగ్గలేదని మీ అంతట మీరు డబుల్ చేస్తే వాంతులతో ఆస్పత్రిలో చేరడమే. వారంలో ఒకే రోజు పెట్టుకోండి. పొట్ట మీద బొడ్డుకి రెండంగుళాల దూరంలో, లేదా తొడ మీద, ప్రతిసారీ చోటు మార్చాలి. వాడిన సూదుల్ని గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూతపెట్టి, ఆస్పత్రికో ల్యాబ్‌కో ఇచ్చేయండి. కాలవలో వెయ్యకండి, దయచేసి, అందులో పిల్లలు దిగుతారు.

కొత్త పెట్టె 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి, ఐసు పట్టే చోట కాదు, గడ్డకట్టిందంటే కరిగించి వాడకూడదు, పారెయ్యాల్సిందే. బయట కొన్నాళ్లు ఉన్నా ఫర్వాలేదంటారు గానీ అది 30 డిగ్రీల లోపల. ఎన్ని రోజులన్నది ఒక్కో మందుకి ఒక్కోలా ఉంటుంది, పెట్టెలో కాగితం చూడండి. మే నెలలో మన ఇళ్లల్లో 30 ఎక్కడుంటుంది? కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తియ్యకుండా ఉంచండి. ప్రయాణంలో థర్మాస్ సంచీలో జెల్ ప్యాక్‌కి గుడ్డ చుట్టి పక్కన పెట్టుకోండి, రొయ్యలకి వేసినట్టు ఐసు ముక్కల్లో పాతిపెట్టకండి.

తిండి సంగతి. కడుపు తొందరగా నిండినట్టుంటుంది, వికారం, విరేచనాలు, మలబద్ధకం మొదట్లో మామూలే. కొంచెం కొంచెంగా తినండి, వేపుళ్లూ నూనె తేలే కూరలూ తగ్గించండి. అన్నం తగ్గినా గుడ్డు, చేప, రొయ్య, పెసలు, పెరుగు తగ్గకూడదు, లేకపోతే కొవ్వుతో పాటు కండా పోతుంది. కాస్త బరువులెత్తే వ్యాయామం అందుకే. పెళ్లి భోజనాల దగ్గర "ఇంకొక్క బూరె వెయ్యండి వారికి" అనే మర్యాదకి మాత్రం ముందే సిద్ధపడండి, మన గోదావరి వాళ్లకి విస్తరి ముడిచిన మనిషిని చూస్తే టెన్షన్. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉండేవాళ్లు డాక్టర్‌ని అడిగి ఉండండి, అసలే ఆకలి లేని మనిషి నీళ్లు కూడా మానేస్తే కిడ్నీలకి దెబ్బ. ఎండాకాలంలో వాంతులైతే ఓఆర్ఎస్ దగ్గర పెట్టుకోండి.

బీపీ మాత్రలు వాడుతుంటే బరువు తగ్గేకొద్దీ బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు, మాత్ర తగ్గించాల్సి వస్తుంది, బీపీ చూయించుకుంటూ ఉండండి. ఏదైనా ఆపరేషన్ ఉంటే ఈ ఇంజెక్షన్ వాడుతున్న సంగతి మత్తు డాక్టర్‌కి చెప్పి తీరాలి, కడుపులో తిండి ఆలస్యంగా కదులుతుంది కాబట్టి మత్తులో అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదముంది.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సినవి: పొట్ట పైభాగంలో తగ్గకుండా వీపులోకి పాకే నొప్పి, కుడివైపు నొప్పితో జ్వరం లేదా కళ్లు పచ్చబడటం, నీళ్లు కూడా నిలవనంత వాంతులు, ఉన్నట్టుండి చూపు మసకబారడం. అది గ్యాస్ నొప్పని మాత్ర మింగి పడుకోకండి, ఇంజెక్షన్ వేసుకోవడం ఆపి వెళ్లండి. తర్వాత తీరిగ్గా 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పొచ్చు, మందుల దుష్ఫలితాలు నమోదు చేసుకునే ప్రభుత్వ ఉచిత నంబరు అది.

ఆపేటప్పుడు

సెమాగ్లూటైడ్ ఆపిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చినట్టు మొదట్లో చెప్పిన 2021 పరీక్షలో పాల్గొన్నవాళ్లలో కొందరిని గమనిస్తే తేలింది. ఆకలి మళ్లీ వస్తుంది, అది మీ బలహీనత కాదు, మందు పని ఆగిపోవడమే. ఎప్పుడు ఆపాలి, తక్కువ మోతాదులో కొనసాగించాలా అన్నది మొదటిరోజే డాక్టర్‌ని అడగండి. ఆపాక వారానికోసారి ఒకే తూకం మీద బరువు చూసుకుని కాగితం మీద రాసుకోండి. వరసగా కొన్ని వారాలు పెరుగుతూ పోతుంటే పాత పెన్నులో మిగిలింది వెతుక్కుని మళ్లీ పొడుచుకోకండి. కొంతకాలం ఆగాక పాత పెద్ద మోతాదుతో నేరుగా మొదలుపెట్టకూడదు, కింది మోతాదు నుంచి రావాల్సి ఉంటుంది, దానికి కొత్త చీటీ కావాలి.